అన్న కోసం కొన్న కీబోర్డు, చెల్లి వేళ్ళు

చెల్లెమ్మా, చేతిలో పని ఉంటే అది అయ్యాకే రా. ఈసారి ముచ్చట కాస్త నిమ్మళంగా కూర్చుని చెప్పుకోవాల్సింది. పది రోజులుగా నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు.

మాది హైదరాబాదులోని శాలిబండ అని నీకు తెలుసు. పొద్దున్నే మా గల్లీకి ముందు ఆజాన్ వస్తుంది, దాని వెనకే గుడి గంట, ఆ తర్వాత పాలబండి. ఏడు దాటాక చెత్త ఆటో, మైకులో పాట పెట్టుకుని. ఆ పాట వినబడితే చాలు, ప్రతి గుమ్మంలోంచీ ఒక బకెట్ బయటికొస్తుంది. ఆ రోజు ఆటో వచ్చింది, పోయింది. పాట మాత్రం పోలేదు. పక్కింట్లోంచి వినబడుతూనే ఉంది. మాటల్లేవు, వరస ఒక్కటే. మధ్యలో ఒకచోట దారి తప్పుతోంది, ఆగుతోంది, మళ్ళీ మొదట్నుంచి వస్తోంది. నాలుగోసారికి ఆ మలుపు చక్కగా తిరిగింది.

ఇంతలో పక్కింటి చెల్లి గోడ మీంచి పిలిచింది. "అక్కా, జర ఇటొస్తవా? మా చిన్నది ఏం జేస్తుందో చూద్దువు."

పోయి చూస్తే ఆరేళ్ళ పిల్ల చాప మీద మఠం వేసుక్కూర్చుంది. ముందర కీబోర్డు. వాళ్ళన్న పుట్టినరోజుకి కొన్నదది. వాడు వారం రోజులు టకటకలాడించి మంచం కిందికి తోసేశాడట. ఈ పిల్ల బయటికి లాగి, తన స్కూలు గౌనుతోనే దుమ్ము తుడుచుకుంది. ఎవరూ నేర్పలేదు. కుడిచేతి చూపుడువేలు ఒక్కటే పని చేస్తోంది. మెట్టు నొక్కుతుంది, తల పక్కకి వంచి వింటుంది, కాదనిపిస్తే పక్క మెట్టు మీదికి పోతుంది. తప్పు స్వరం పడ్డప్పుడు దాని మొహం చూడాలి చెల్లీ! అన్నంలో రాయి తగిలినట్టు ముడుచుకుపోతుంది. సరైనది దొరికితే నవ్వదు, గెంతదు. ఒక్కసారి గాఢంగా ఊపిరి తీసుకుని ముందుకి పోతుంది. అంతే.

వాళ్ళమ్మ నన్ను వంటింట్లోకి తీసుకుపోయి గొంతు తగ్గించి అడిగింది. "చూసినోళ్ళంత టీవీ షోకి పంపమంటున్నరు అక్కా. మా ఆయనేమో, ఆడపిల్లకు ఇయన్ని ఎందుకు, రేపు పెండ్లయితే పెట్టెల పెట్టుడే గద అంటడు. నువ్వేమంటవు?"

అప్పటికప్పుడు నాకు జవాబు రాలేదు. "ఆలోచించి చెప్తా" అని వచ్చేశాను. పెట్టెలో పెట్టుడు అన్న మాట గుచ్చుకుంది, ఎందుకో తర్వాత చెప్తాను. పది రోజులు ఆలోచించి కూడబెట్టిన జవాబు ఇదిగో. ఆ చెల్లికే కాదు, ఇంట్లో ఇలాంటి పిల్ల ఉన్న ప్రతి చెల్లికీ చెప్తున్నా.

మొదటి సంగతి, ఇది నిజంగా వరమేనా, పిల్లచేష్టా అని ఎట్లా తెలుస్తుంది? దీనికి జవాబు మన ఊళ్ళోనే ఉంది. మా ఇంటి నుంచి చార్మినార్, పత్తర్‌గట్టీ మీదుగా నయాపూల్ దాటితే అఫ్జల్‌గంజ్, ఆ పక్కనే గౌలిగూడ. హిందుస్తానీ గాయకులు పండిట్ జస్రాజ్ గారి పేరు వినని వాళ్ళుండరు. 1930లో హర్యానాలో పుట్టారు గానీ చిన్నతనం మన హైదరాబాదులోనే గడిచింది. నాన్నగారు పండిట్ మోతీరాం గొప్ప గాయకుడు. నిజాం ఆస్థాన విద్వాంసుడిగా నియామకం జరగాల్సిన రోజే, 1934లో, ఇక్కడే కన్నుమూశారు. అప్పటికి జస్రాజ్ గారు నాలుగేళ్ళ పసివాడు. ఆ తర్వాత ఒకరోజు బడికి పోతుంటే గౌలిగూడ దగ్గర ఒక చిన్న హోటల్లో గ్రామఫోను మీద బేగం అఖ్తర్ గజల్ వినబడింది. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. బడి సంగతే మర్చిపోయాడు. ఆ రోజొక్కటే కాదు, ఎన్నో రోజులు బడికని బయల్దేరి ఆ హోటల్ దగ్గరే కూర్చుండిపోయేవాడినని ఆయనే ముచ్చటగా చెప్పుకునేవారు.

చూశావా? ఆ వయసులో ఆ పిల్లాడు సాధించింది ఏముంది అంటే, కప్పు లేదు, సర్టిఫికెట్ లేదు. పాట వినబడితే ముందుకి పోలేకపోవడం, అదే. తొలి గుర్తు చేతిలో కాదు, చెవిలో కనబడుతుంది. అన్న ప్రతాప్ నారాయణ్ ముందు తబలా నేర్పారు. పద్నాలుగేళ్ళప్పుడు తబలా వదిలి గాత్రం పట్టుకుంటే ఇంకో అన్న మణిరాం గారు గురువయ్యారు. తండ్రి లేని పిల్లాడికి చదువు మీద ధ్యాస లేదు, వీడేమైపోతాడో అని ఆ ఇల్లు తలుపు మూయలేదు. చెవి ఎటు లాగితే అటు చెయ్యి పట్టుకుని నడిపించారు.

అందుకే పక్కింటి చెల్లికి నా మొదటి మాట ఇది. నీ బిడ్డ పాట పూర్తిగా వాయించిందని మురిసిపోవడం తర్వాత. తప్పు స్వరం దగ్గర తనంతట తనే ఆగింది, ఎవరూ చెప్పకుండా వెనక్కి పోయి దిద్దుకుంది. అది గుర్తుపెట్టుకో. పదిమంది పిల్లల చేతికి కీబోర్డు ఇస్తే పదిమందీ చప్పుడు చేస్తారు. తప్పు తనకే తెలిసి, దాని దగ్గరికే మళ్ళీ మళ్ళీ పోయే పిల్లకి మాత్రం చెవి ఉన్నట్టు.

రెండో సంగతి, మన గల్లీలో పియానో నేర్పే వాళ్ళెవరు? మన ఇళ్ళల్లో ఎవరికొచ్చు? ఈ మాట విన్నప్పుడల్లా నాకు పాలకొల్లు గుర్తొస్తుంది. 1969లో అక్కడ పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, మన మాండలిన్ శ్రీనివాస్. మాండలిన్ మాత్రం మనదా చెప్పు? ఇటలీ నుంచి వచ్చిన వాద్యం. మన దగ్గర సినిమా పాటల వాద్యబృందాల్లో వాయించుకునే వాళ్ళు. దాని మీద త్యాగరాజ కీర్తన పలుకుతుందని ఎవరూ అనుకోలేదు. తండ్రి సత్యనారాయణ గారు వాద్యకారుడు. ఆరేళ్ళ పిల్లాడు తండ్రి మాండలిన్ ఎత్తుకుని వాయించడం మొదలుపెట్టాడు. ఆ తండ్రి "పాడుచేస్తావు, ముట్టుకోకు" అనలేదు. వాడి కోసం ఇంకోటి కొనిచ్చారు.

తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారు ఈ పిల్లాణ్ణి చూశారు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, పాటగాడు. ఆయనకి మాండలిన్ వాయించడం రాదు. రాదు కదా అని ఊరుకున్నారా? ఆయన పాడేవారు, పిల్లాడు ఆ పాటని తీగల మీద వెతుక్కుని పలికించేవాడు. అంతే పాఠం. వేలు ఎక్కడ పెట్టాలో గురువు చెప్పలేదు, ఏది వినబడాలో చెప్పారు. దారి పిల్లాడే వేసుకున్నాడు. గమకం పలకడానికి వీలుగా జంట తీగల మాండలిన్ బదులు అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొమ్మిదేళ్ళకే తొలి కచేరీ. 1981లో మద్రాసు డిసెంబరు సభల్లో కచేరీ. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో, పద్నాలుగేళ్ళ వయసుకి, మన కీర్తనలు విని విదేశీయులు ఇంకా వాయించమని పట్టుబట్టారు. 1998లో పద్మశ్రీ. 2014లో నలభై అయిదేళ్ళకే వెళ్ళిపోయాడు. తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

నేను చెప్పొచ్చేది ఏంటంటే చెల్లీ, నీకు పియానో రాకపోతే ఏం? పాట వచ్చు కదా! బతుకమ్మ పాట, మంగళహారతి, లాలి, ఏదైనా సరే. నువ్వు పాడు, దాన్ని వెతుక్కోమను. గురువు దొరికే దాకా నువ్వే గురువు. అందులో చిన్నతనం లేదు. పాలకొల్లులో జరిగిందే అది.

మూడో సంగతే నా గుండెకి దగ్గరిది. ఆడపిల్ల సంగతి.

రావు బాలసరస్వతీదేవి గారు గుర్తున్నారా? అమ్మమ్మల కాలంలో రేడియో పెడితే వినిపించిన ఆ సన్నని తీపి గొంతు. 1928లో పుట్టారు. ఆలత్తూరు సుబ్బయ్య గారి దగ్గర కర్ణాటక సంగీతం, వసంత దేశాయ్ గారి దగ్గర హిందుస్తానీ నేర్చుకున్నారు. మన ముచ్చటకి అన్నిటికంటే దగ్గరి మాట ఇంకొకటుంది. కె. పిచ్చుమణి గారి దగ్గర వీణతో పాటు పియానో కూడా నేర్చుకున్నారు. దాదాపు తొంభై ఏళ్ళ కిందటి మాట చెల్లీ! మన తెలుగు పిల్ల ఒకతి ఆ నల్లా తెల్లా మెట్ల ముందు కూర్చుంది అనుకుంటేనే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఆరేళ్ళకే ఆవిడ తొలి గ్రామఫోను రికార్డు వచ్చింది. ఆరేళ్ళంటే పక్కింటి పిల్ల వయసే. ఇప్పటిలా ఫోనులో తీసుకుని, బాగాలేని ముక్క కత్తిరించి, ఇంకోటి అతికించే కాలం కాదది. మైనం పలక తిరుగుతుంటే పాట దాని మీద గీతగా పడేది. పలకకి ఒక పక్క మూడు నిమిషాలే. ఎక్కడ తడబడినా ఆ పలక పోయినట్టే, కొత్త పలక మీద మళ్ళీ మొదట్నుంచి పాడాలి. దాహమేసినా, ముక్కు దురద పెట్టినా మూడు నిమిషాలు ఊపిరి చూసుకుని నిలబడాలి. ఆ పసిపిల్ల నిలబడింది. 1936లో చిత్తజల్లు పుల్లయ్య గారు పిల్లలతోనే తీసిన సతీ అనసూయలో గంగ వేషం వేసింది. ఆపైన రేడియోలో, రికార్డుల్లో సాలూరు రాజేశ్వరరావు గారితో కలిసి పాడిన లలితగీతాలు ఇంటింటి పాటలయ్యాయి. 1943లో భాగ్యలక్ష్మిలో తెర మీద కమలా కోట్నీస్ కనబడుతుంటే వినబడిన గొంతు ఆవిడది. తెలుగులో తొలి నేపథ్య గాయని అని అందుకే అంటాం. అప్పటికి పదిహేనేళ్ళు కూడా సరిగ్గా నిండీ నిండలేదు.

1944లో కోలంక రాజావారితో పెళ్ళయింది. ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు పాడారు, దేవదాసు లాంటి సినిమాల్లో విన్నాం. తర్వాత్తర్వాత ఆ గొంతు వెండితెరకి దూరమైపోయింది. ఆవిడ మన హైదరాబాదులోనే ఉండేవారు, నిండు జీవితం చూసి 2025 అక్టోబరులో తొంభై ఏడేళ్ళకి వెళ్ళిపోయారు. ఆరేళ్ళకి మొదలైన పాటకి తొంభై ఒక్కేళ్ళ ఆయుష్షు ఉంది. కానీ లోకం చెవిన పడింది ఎన్నేళ్ళ పాట? వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటే మనసు కలుక్కుమంటుంది.

ఇలాంటిదే ఇంకో పిల్ల కథ చెప్తా. మొజార్ట్ పేరు విన్నావుగా? పియానో అనగానే ప్రపంచమంతా ముందు చెప్పే పేరు. ఆయనకో అక్క ఉందని ఎంతమందికి తెలుసు? మరియా అన్నా, ఇంట్లో నానెర్ల్ అని పిలుచుకునేవారు. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో 1751లో పుట్టింది, తమ్ముడికంటే నాలుగున్నరేళ్ళు పెద్ద. ఏడేళ్ళప్పుడు తండ్రి లియోపోల్డ్ ఆమెకి వాయిద్యం నేర్పడం మొదలుపెట్టాడు. ఆ పిల్ల కోసమని 1759లో ఒక నోటు పుస్తకం కట్టి అందులో పాఠాలు రాశాడు. అక్క వాయిస్తుంటే మూడేళ్ళ తమ్ముడు పక్కన చేరి, ఏ రెండు మెట్లు కలిపి నొక్కితే తియ్యగా పలుకుతాయో వెతుక్కునేవాడు. వాడు అయిదేళ్ళకి కట్టిన తొలి చిన్న పాటల్ని తండ్రి రాసిపెట్టింది ఎక్కడనుకున్నావ్? అక్క పుస్తకంలోనే. మన గల్లీలో అన్న కోసం కొన్న కీబోర్డు మీద చెల్లి వాయిస్తోంది. అక్కడ అక్క కోసం కట్టిన పుస్తకంలో తమ్ముడు మొలకెత్తాడు.

1762లో వియన్నా రాజభవనంలో మరియా థెరీసా మహారాణి ఎదుట ఇద్దరూ వాయించారు. పిల్లకి పదకొండు, వాడికి ఆరు. మరుసటేడాది జూన్‌లో గుర్రపు బండెక్కి మ్యూనిక్, ప్యారిస్, లండన్ అంటూ యూరప్ అంతా తిరిగారు. మళ్ళీ ఇల్లు చేరింది 1766 నవంబరులో. మూడున్నరేళ్ళు! లండన్‌లో మెట్ల మీద గుడ్డ కప్పి వాయిస్తామని పత్రికల్లో ప్రకటన ఇచ్చారు. మెట్లు కనబడకపోయినా వేలికి తెలియాలన్నమాట. హాలండ్‌లో విషజ్వరంతో నానెర్ల్ చావు అంచుదాకా పోయి వచ్చింది. పన్నెండేళ్ళ నా కూతురు యూరప్‌లోని గొప్ప వాద్యకారుల్లో ఒకతి అని ఆ తండ్రే గర్వంగా ఉత్తరం రాశాడు.

1769 డిసెంబరులో తండ్రి మళ్ళీ పెట్టె సర్దాడు, ఇటలీకి. ఈసారి కొడుకుని ఒక్కణ్ణే తీసుకెళ్ళాడు. నానెర్ల్‌కి పద్దెనిమిది. పెళ్ళీడు పిల్లని ఊళ్ళు తిప్పి వాయింపించడం ఏంటి, ఇంట్లో అమ్మకి తోడుగా ఉండు అన్నారు. ఆమె సొంతంగా ఒక పాట కట్టి తమ్ముడికి పంపితే, ఎంత చక్కగా కట్టావని ఆశ్చర్యపోతూ 1770లో అతను జవాబు రాశాడు. ఆ ఉత్తరం ఈ రోజుకీ ఉంది. ఆ పాట లేదు. ఆమె కట్టినవేవీ మిగల్లేదు. ముప్ఫై మూడేళ్ళకి పెళ్ళి, భర్త పోయాక మళ్ళీ సాల్జ్‌బర్గ్ వచ్చి పిల్లలకి పియానో పాఠాలు చెప్పుకుంటూ బతికింది. 1829లో పోయింది. ఆమె చెయ్యి మెట్లని ఎన్నడూ వదల్లేదు. ఆ చేతిని వదిలేసింది ఇల్లు, ఊరు.

లియోపోల్డ్ చెడ్డ తండ్రి అని నేననను. ఆ పిల్లకి అంత విద్య నేర్పింది ఆయనే. నా బాధంతా ఒక్కటే. ఏడేళ్ళప్పుడు తెరిచిన తలుపుని పద్దెనిమిదేళ్ళప్పుడు మూశాడు. మన ఇళ్ళల్లోనూ జరిగేది ఇదే చెల్లీ. చిన్నప్పుడు చుట్టాలొస్తే "ఏదీ, అత్తకి వాయించి చూపించు" అని ముందుకి తోస్తాం. పెద్దయ్యాక అదే పిల్లని "ఆ చప్పుడు ఆపి ఇటొచ్చి టిఫిన్ చూడు" అంటాం. ముద్దుగా ఉన్నంతకాలం విద్య, ఆ తర్వాత చప్పుడు.

ఇప్పుడు నా పెట్టె సంగతి. మా నాన్న పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవారు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తిత్తి తను ఊదుతూ మెట్లు నాకు వదిలేవారు. పదో తరగతికి వచ్చేసరికి తిత్తీ నాదే, మెట్లూ నావే. పెళ్ళయినప్పుడు హార్మోనియం నాతో పంపుతానన్నారు నాన్న. సామానుతో పాటు ఎందుకు, తర్వాత చూద్దాంలే అన్నారు పెద్దలు. నేనూ గట్టిగా అడగలేదు. పద్దెనిమిదేళ్ళ తర్వాత పుట్టింటి అటక మీంచి దింపితే తిత్తి తోలు ఎలకలు కొరికేశాయి. మూత తీస్తే లోపల, ఒక మెట్టు మీద, నాన్న పెన్సిల్‌తో రాసిన 'స' అక్షరం ఇంకా ఉంది. ఆ అక్షరం మీద వేలు పెట్టి నొక్కాను. గాలి లేదు, మెట్టు కిందికి దిగింది, చప్పుడు రాలేదు. పెట్టెలో పెట్టుడు అంటే ఏంటో నా వేలికి తెలుసు చెల్లీ. అందుకే ఆ మాట గుచ్చుకుంది.

అన్ని ఇళ్ళూ అలాగే ఉంటాయని కాదు. చెన్నైలో లిడియన్ నాదస్వరం అనే కుర్రాడున్నాడు. 2019లో, పదమూడేళ్ళకి, అమెరికా టీవీలో ది వరల్డ్స్ బెస్ట్ పోటీ గెలిచి పది లక్షల డాలర్ల బహుమతి తెచ్చాడు. తుమ్మెద ఝుంకారం లాంటి ఒక స్వరరచనని నిమిషానికి 208 బీట్ల వేగంతో మొదలుపెట్టి 325కి తీసుకెళ్తే చూసిన వాళ్ళు కుర్చీల్లోంచి లేచిపోయారు. అతని అక్క అమృతవర్షిణి వేణువు వాయిస్తుంది. ఆ ఇంట్లో అక్కకీ తమ్ముడికీ ఇద్దరికీ సంగీతమే. పక్కింటి చెల్లి టీవీ షో గురించి అడిగింది కదా, ఒక్కమాట గుర్తుంచుకో. ఆ పిల్లాడు పోటీకి ముందు ఏళ్ళ తరబడి తాళం, పియానో కూర్చుని నేర్చుకున్నాడు, రెహమాన్ గారి సంగీత కళాశాలలో చదువుకున్నాడు. వేదిక చివర వచ్చింది. మనం మొదటే వేదిక ఎక్కిస్తే పిల్ల స్వరం కోసం వెతకడం మానేసి చప్పట్ల కోసం వెతుకుతుంది.

మరి ఏం చెయ్యాలి? నాకు తెలిసినంతలో చెప్తా, రాసుకో.

పియానోకి 88 మెట్లు, 52 తెల్లవి, 36 నల్లవి. లోపల రెండొందలకి పైగా తీగలు. మెట్టు నొక్కితే ఉన్ని చుట్టిన చిన్న సుత్తి పోయి తీగని కొడుతుంది. మన చార్మినార్ సందుల్లో వెండి వరఖ్ కొట్టే వాళ్ళని చూశావుగా, ఒకే సుత్తి, దెబ్బని బట్టి చప్పుడు మారుతుంది. పియానో కూడా అంతే. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలుకుతుంది. అంత పెద్దది మన ఇంట్లో పట్టదు, కొనలేం, మన ఎండకీ వానకీ శ్రుతి నిలబెట్టడమూ కష్టం. అక్కర్లేదు. 61 మెట్ల కీబోర్డు చాలు. కానీ రెండు చూసుకో. మెట్లు బొమ్మ సైజులో కాకుండా నిజం పియానో మెట్లంత వెడల్పుండాలి. వేలి బరువుని బట్టి చప్పుడు పెరిగి తగ్గాలి. లేకపోతే వేలికి సున్నితం అబ్బదు. వాడినది దొరికినా పర్లేదు.

చాప మీద వద్దు. మోచెయ్యి మెట్ల ఎత్తుకి వచ్చేలా స్టూలు వెయ్యి, కాళ్ళు వేలాడకుండా కింద పీట పెట్టు. పూటకి పదిహేను నిమిషాలు, రెండు పూటలా. గంట కూర్చోబెట్టకు. ఇంకా వాయిస్తానని అది ఏడ్చినప్పుడే లేపు, రేపు పరుగెత్తుకొస్తుంది. పియానో పరీక్షలంటావా, ట్రినిటీ వాళ్ళవి, ఏబీఆర్‌ఎస్‌ఎం వాళ్ళవి ఒకటి నుంచి ఎనిమిది గ్రేడ్ల దాకా ఉన్నాయి, మన ఊళ్ళో చాలామంది పిల్లలు రాస్తున్నారు. మంచివే. కానీ ఏడాదికో గ్రేడు చొప్పున పరుగెత్తించకు. పరీక్ష ముక్కలతో పాటు చెత్త ఆటో పాట కూడా వాయించుకోనివ్వు. దాని చెవి తెరుచుకుంది అక్కడే.

ఇంకొక్కటి, అన్నిటికంటే కష్టమైనది, ఖర్చు లేనిది. రోజూ ఒక్క పది నిమిషాలు పక్కన కూర్చుని విను. ఫోను పక్కన పెట్టి విను. వీడియో తియ్యకు. మెచ్చుకోవాలనీ లేదు, దిద్దాలనీ లేదు. పదేళ్ళకి విను, పదిహేనేళ్ళకి విను, పద్దెనిమిదేళ్ళకి ఇంకా శ్రద్ధగా విను. ఏదో ఒక రోజు అది ఇంకో ఇంటికి వెళ్తే, బట్టల కంటే ముందు కీబోర్డుని నువ్వే బండెక్కించు. "తర్వాత చూద్దాం" అనే మాట ఎవరి నోట వచ్చినా ఒప్పుకోకు.

ఇదంతా మొన్న సాయంత్రం పక్కింటికి పోయి చెప్పాను. ఆ చెల్లి పూర్తిగా విన్నది. తర్వాత గ్యాస్ సిమ్‌లో పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని బిడ్డ పక్కన కూర్చుంది. సిగ్గుపడుతూనే బతుకమ్మ పాట వరస ఒకటి సన్నగా అందుకుంది. పిల్ల తల పక్కకి వంచి విన్నది. వేలు ఒక మెట్టు మీదికి పోయింది, కాదు. పక్కది, కాదు. నల్ల మెట్టు. మొహం విప్పారింది.

ముందుగదిలో వాళ్ళ నాన్న టీవీ చూస్తున్నాడు, వార్తలు గట్టిగా వస్తున్నాయి. అమ్మ రెండో వరస పాడింది. బిడ్డ వెతుక్కుంటోంది. ఆ వెతుకులాటలో నేనూ మునిగిపోయాను. ఎప్పుడో తెలియదు గానీ, ముందుగదిలో టీవీ చప్పుడు తగ్గింది.

నేను తిరిగి చూడలేదు. వింటున్న వాళ్ళని చూడకూడదు చెల్లీ, విననివ్వాలి.

ఉంటా మరి. మీ ఇంట్లో అటక మీద ఏముందో ఒకసారి దింపి చూసుకో.

మీ అక్క